పాత పీసీకి మదర్‌బోర్డు: సాకెట్ కలిసినంత మాత్రాన సరిపోదు

పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ పోవడం అరుదు. ర్యామ్ కూడా మొండిదే. హార్డ్‌డిస్కు, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) తర్వాత ఎక్కువగా చేతులెత్తేసేది మదర్‌బోర్డు. షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ జెన్ అండీ?" అంటే ప్రాసెసర్ ఎన్నో తరానిది అని. థర్డ్ జెన్ అనగానే ఒక హెచ్61 (బోర్డులోని ప్రధాన చిప్పు, అంటే చిప్‌సెట్, పేరు) బోర్డు డబ్బా మీ ముందుకొస్తుంది. పది సార్లలో ఏడెనిమిది సార్లు అది పనిచేస్తుంది కూడా. మిగిలిన రెండు మూడు సార్లు ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. ఇక ప్రాసెసర్ పోయిందేమో, ర్యామ్ పోయిందేమో అని లేని రోగాలన్నీ వెతకడం మొదలవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా ఒక మామూలు మెషిన్ తీసుకుందాం. ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (సాటా అంటే డిస్కుని బోర్డుకి కలిపే కనెక్టర్ రకం), ఒక 1 టీబీ హార్డ్‌డిస్కు, వీజీఏ మానిటర్. 2012, 2013 ప్రాంతంలో అసెంబుల్ చేయించినవాటిలో ఇలాంటివి ఇంకా బోలెడు నడుస్తున్నాయి, ముఖ్యంగా ఆడిటర్ ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో, మీసేవ కేంద్రాల్లో.

ముందు అసలు బోర్డే పోయిందా అన్నది తేల్చుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ 24 పిన్ కనెక్టర్‌ని బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరుకీ పక్కనున్న ఏదో ఒక నల్ల వైరుకీ మధ్య పేపర్ క్లిప్పు పెడితే ఫ్యాన్ తిరగాలి. తిరిగినంత మాత్రాన అది మంచిదని కాదు. మల్టీమీటర్‌తో పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉందో లేదో చూడండి. ఊదా వైరు మీద ప్లగ్గు పెట్టిన క్షణం నుంచే 5 వోల్టులు ఉండాలి. లేకపోతే పవర్ బటన్ నొక్కినా బోర్డు ఉలకదు, పలకదు. ఆ తర్వాత గుండ్రటి సీఆర్2032 సెల్లు తీసి, క్లియర్ సీమాస్ జంపర్ (బోర్డులోని పాత సెట్టింగులు చెరిపే పిన్నులు) పది సెకన్లు కలిపి, ర్యామ్ అంచుల మీది బంగారు పూతని మెత్తటి ఎరేజర్‌తో రుద్ది, ఒక్క స్టిక్కు మాత్రమే పెట్టి చూడాలి. బీప్ స్పీకర్ బిగించి, ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేసినప్పుడు బీప్ వస్తే ప్రాసెసర్, బోర్డు రెండూ బతికే ఉన్నట్టు. ర్యామ్ లేకపోయినా బీప్ రాకపోతేనే, అదీ వేరే ఎస్‌ఎంపీఎస్‌తో కూడా చూశాకే, బోర్డు సంగతి ఆలోచించాలి. కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే అనుమానం ఇంకాస్త బలపడుతుంది.

ప్రాసెసర్ మీద రాసింది చదవండి

హీట్‌సింక్ తీసి, పేస్టు తుడిస్తే లోహపు మూత మీద అక్షరాలు కనిపిస్తాయి. మోడల్ నంబరు, దాని పక్కనే అయిదు అక్షరాల కోడు. ఐ5-3470 అయితే ఎస్‌ఆర్0టీ8 అని ఉంటుంది. ఈ కోడు ఫోటో తీసుకోండి. షాపులో "కోర్ ఐ5" అని చెబితే సరిపోదు, ఎందుకంటే ఐ5 పేరుతో ఇంటెల్ అరడజను సాకెట్లు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూళ్లు) మార్చింది.

నంబరు చూసి సాకెట్ పట్టుకోవడం కష్టం కాదు. మూడంకెలుంటే, అంటే ఐ3-540, ఐ5-760 లాంటివి, మొదటి తరం, 1156 సాకెట్ (ఐ7-920 లాంటి 9తో మొదలయ్యే ఐ7లు మాత్రం 1366). 2 లేదా 3తో మొదలయ్యే నాలుగంకెలు 1155. 4తో మొదలైతే 1150. 6, 7 అయితే 1151. 8, 9 కూడా 1151నే, కానీ అది వేరే 1151. దాని సంగతి తర్వాత. కోర్ 2 డుయో, కోర్ 2 క్వాడ్ అయితే 775.

తప్పటడుగు పడేది పెంటియం, సెలెరాన్ దగ్గర. జీ620, జీ630 రెండో తరం ప్రాసెసర్లు. జీ2020, సెలెరాన్ జీ1610 మూడో తరానివి. పేరులో ఎక్కడా ఆ ముక్క ఉండదు. జీ3220, జీ3240 అంటే 1150 సాకెట్. జీ4400 అంటే 1151. ఇంకో ఉచ్చు ఐ7-3820, ఐ7-4820కే. అంకె 3, 4తో మొదలవుతుంది కాబట్టి 1155, 1150 అనుకుంటారు. రెండూ 2011 సాకెట్‌వి, ఆకారమే పెద్దది, హెచ్61లో గానీ హెచ్81లో గానీ కూర్చోవు.

1155, 1156, 1150 ప్రాసెసర్లు దూరం నుంచి కవలల్లా ఉంటాయి. పక్కల ఉన్న రెండు చిన్న గాట్లు చోటు మారి ఉంటాయి కాబట్టి ఒకదాంట్లో ఇంకొకటి దిగదు. దిగకపోతే బలవంతం చేయొద్దు. లివర్ బలం అంతా సాకెట్లోని వెంట్రుకల్లాంటి పిన్నుల మీద పడుతుంది, అవి వంగితే కొత్త బోర్డు కూడా పాతదాని పక్కన చేరుతుంది.

సాకెట్ కలిసింది, డిస్‌ప్లే రాలేదు

1155 సాకెట్ మీద రెండు కుటుంబాల చిప్‌సెట్లు వచ్చాయి. 2011లో 6 సిరీస్: హెచ్61, హెచ్67, పీ67, జెడ్68, ఆఫీసు మెషిన్ల కోసం క్యూ65, క్యూ67, బీ65. 2012లో 7 సిరీస్: బీ75, హెచ్77, జెడ్77, క్యూ77. 7 సిరీస్ బోర్డులో రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు రెండూ పనిచేస్తాయి. 6 సిరీస్ బోర్డులో మూడో తరం ప్రాసెసర్ పనిచేయాలంటే బయోస్‌తో (ఆన్ చేయగానే బోర్డుని లేపే సాఫ్ట్‌వేర్) పాటు దాని లోపలి మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ కూడా 8వ వెర్షన్‌కి మారాలి. 2011లో ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఎప్పుడూ అప్‌డేట్ చేయని హెచ్61 బోర్డులో ఐ5-3470 పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్‌లో దోషం లేదు, బోర్డులోనూ లేదు. బోర్డుకి ఆ ప్రాసెసర్ ఎవరో తెలియదు.

దీనికి మందు ఏదో ఒక రెండో తరం ప్రాసెసర్, జీ620 అయినా చాలు. అది పెట్టి ఆన్ చేసి, బయోస్ అప్‌డేట్ చేసి, తర్వాత ఐ5 పెట్టాలి. సెకండ్‌హ్యాండ్ హెచ్61 కొనేటప్పుడు ఈ పని షాపులోనే చేయించుకోండి. ఇంటికొచ్చాక జీ620 కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది. ఒకసారి కొత్త ఫర్మ్‌వేర్‌కి మారాక చాలా బోర్డుల్లో వెనక్కి వెళ్లడం కుదరదు, వెళ్లాల్సిన అవసరమూ ఉండదు.

క్యూ65, క్యూ67, బీ65 సంగతి వేరు. వీటికి మూడో తరం సపోర్టు ఇంటెల్ ఇవ్వలేదు. డెల్ ఆప్టిప్లెక్స్ 790, 990 ఈ కోవలోవే. వాటి నుంచి ఊడదీసిన బోర్డు చవగ్గా దొరికినా ఐ5-3470కి పనికిరాదు. ఆప్టిప్లెక్స్ 7010లో ఉన్నది క్యూ77, దాంట్లో నడుస్తుంది.

6 సిరీస్‌లో మరొక పాత మచ్చ కూడా ఉంది. 2011 జనవరి 31న ఇంటెల్ స్వయంగా ఒప్పుకున్న సాటా లోపం: మొదట్లో వచ్చిన చిప్‌సెట్లలో 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి. సరిచేసి విడుదల చేసినదాన్ని బీ3 స్టెప్పింగ్ అంటారు. మన దగ్గర తిరుగుతున్న హెచ్61లలో అధికశాతం ఆ తర్వాతవే. అయినా డబ్బా మీద గానీ బోర్డు మీద గానీ బీ3 అని కనిపిస్తే ఒక చింత తగ్గినట్టు.

సాకెట్ పేరు ఒకటే అయినా పొసగకపోవడానికి పరాకాష్ఠ 1151. ఆరో, ఏడో తరాలకి హెచ్110, బీ150, బీ250, జెడ్170, జెడ్270. ఎనిమిదో, తొమ్మిదో తరాలకి హెచ్310, బీ360, బీ365, జెడ్370, జెడ్390. ప్రాసెసర్ చక్కగా దిగుతుంది, మూత పడుతుంది, కానీ పిన్నుల్లో కరెంటు దారులు మారాయి. ఐ5-8400ని హెచ్110లో పెట్టడం దండగ. హెచ్110లోనే ఏడో తరం పెట్టాలన్నా పాత బయోస్ అయితే అప్‌డేట్ కావాలి. హెచ్81, బీ85 బోర్డులదీ ఇదే వరస: ఐ5-4570 వెంటనే నడుస్తుంది, 2014లో వచ్చిన ఐ5-4590, ఐ5-4460లకి బయోస్ కొత్తదై ఉండాలి.

ఏఎండీ వాళ్ల లెక్క కొంత నయం, కొంత తికమక. ఏఎం3 ప్రాసెసర్ ఏఎం2+ బోర్డులో డీడీఆర్2తో నడుస్తుంది, బయోస్ ఒప్పుకుంటే. ఏఎం2+ ప్రాసెసర్ మాత్రం ఏఎం3 బోర్డులో పనిచేయదు. ఎఫ్ఎం2 చిప్పు ఎఫ్ఎం2+ బోర్డులో కూర్చుంటుంది, ఎదురు దారి లేదు. ఎఫ్ఎక్స్ సిరీస్‌కి ఏఎం3+ బోర్డు చూసుకోవాలి. ఎఫ్ఎక్స్-8350 అయితే 125 వాట్లు తాగుతుంది, నాసిరకం 760జీ బోర్డు దాన్ని మోయలేదు.

బోర్డు తయారుచేసిన కంపెనీ సైటులో సీపీయూ సపోర్టు జాబితా ఉంటుంది. అందులో మీ ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి అని రాసి ఉంటుంది, దాన్నే చివరి మాటగా తీసుకోండి. గిగాబైట్ కంపెనీ బోర్డుల విషయంలో రివిజన్ నంబరు కూడా చూడాలి. బోర్డు ఎడమ కింది మూలలో రెవ్ 1.0 అనో 2.1 అనో చిన్నగా ముద్రించి ఉంటుంది. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే బయోస్ ఫైలు వేరు, ఒక్కోసారి బోర్డు మీది చిప్పులే వేరు. ఒకదాని బయోస్ ఇంకోదాంట్లో ఎక్కిస్తే చిప్ లెవెల్ రిపేర్ దాకా వెళ్లాల్సిందే. ఇంటెల్ తయారీ డీహెచ్61డబ్ల్యూడబ్ల్యూ లాంటి బోర్డులకి ఇంకో చిక్కు. డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం మానేస్తున్నట్టు 2013లో చెప్పిన ఇంటెల్, తర్వాత ఆ పాత బయోస్ ఫైళ్లని కూడా సైటు నుంచి తీసేసింది.

హెచ్61 కొత్తదా, బీ75 పాతదా

హెచ్61 అంటే ఏమిటో ముందు తెలియాలి. ర్యామ్ స్లాట్లు రెండే, మొత్తం 16 జీబీకి మించదు. సాటా పోర్టులన్నీ 3 గిగాబిట్‌వే, అంటే ఎస్‌ఎస్‌డీ సెకనుకి 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లో లేదు. వెనకాల నీలం పోర్టు కనిపిస్తే అది విడిగా అతికించిన చిప్పు పుణ్యం. బీ75లో నాలుగు యూఎస్‌బీ 3.0 పోర్టులకి చోటుంది, ఒక సాటా పోర్టు 6 గిగాబిట్‌ది. చాలా బోర్డుల్లో ఆ ఒక్కదాని రంగు వేరుగా ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ అందులోనే గుచ్చాలి. నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ75 బోర్డులు దొరుకుతాయి, 32 జీబీ దాకా వెళ్లొచ్చు. పాత పీసీఐ కార్డు ఏదైనా వాడుతుంటే బీ75, క్యూ77లలో పీసీఐ నేరుగా చిప్‌సెట్ నుంచే వస్తుంది. హెచ్61లో మధ్యవర్తి చిప్పు ఉంటేనే ఆ స్లాట్ ఉంటుంది.

ఇంత తేడా ఉన్నా మార్కెట్లో కొత్తగా ఎక్కువగా దొరికేది హెచ్61. పెద్ద కంపెనీలు ఎప్పుడో ఆపేశాయి, చిన్న బ్రాండ్లు ఇంకా అమ్ముతున్నాయి. వీటికి వారంటీ ఉంటుంది, అదే వాటి బలం. బలహీనతలు చెప్పుకోవాలంటే, ముందు కొలత. మైక్రో ఏటీఎక్స్ (ఈ బోర్డుల సైజు పేరు) అసలు కొలత 244×244 మిల్లీమీటర్లు. ఈ చౌక బోర్డుల వెడల్పు 170, 190 దగ్గరే ఆగిపోతుంది. కుడి అంచు కింద క్యాబినెట్ స్టాండ్‌ఆఫ్ (బోర్డు ఆనే చిన్న స్క్రూ దిమ్మ) ఉండదు, గాలిలో వేలాడుతుంది. సరిగ్గా ఆ అంచు మీదే 24 పిన్ కనెక్టర్, ర్యామ్ స్లాట్లు ఉంటాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే బోర్డు విల్లులా వంగుతుంది. కనెక్టర్ గుచ్చేటప్పుడు అంచు కింద ఇంకో చేతి వేళ్లు పెట్టి ఆనించాలి. లేదా బోర్డు బయట ఉండగానే ర్యామ్ పెట్టేసుకోవాలి.

రెండోది ప్రాసెసర్‌కి కరెంటు మార్చి ఇచ్చే భాగం, వీఆర్‌ఎం. ఐ5-3470 టీడీపీ, అంటే అది పుట్టించే వేడి లెక్క, 77 వాట్లు, ఐ7-2600 అయితే 95. హీట్‌సింక్ లేని మూడు ఫేజ్‌ల వీఆర్‌ఎం మీద ఐ7 పెట్టి వీడియో రెండరింగ్ మొదలెడితే, మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో పది నిమిషాలకే స్పీడు పడిపోతుంది. టాలీ, బ్రౌజర్, ప్రింటింగ్ లాంటి పనులకి ఈ బాధ లేదు.

మూడోది నెట్‌వర్కు. కొన్ని హెచ్61లలో ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లే. ఫైబర్ కనెక్షన్ 200 మెగాబిట్లు తీసుకుని, స్పీడ్ టెస్టులో 94 దగ్గర ఆగిపోతోందేమిటా అని రూటర్‌ని తిట్టేవాళ్లుంటారు. ఇంకో వింత: కొన్ని అనామక బోర్డుల్లో మ్యాక్ అడ్రసు (నెట్‌వర్కులో ఒక్కో మెషిన్‌ని గుర్తించే అంకె) 88-88-88-88-87-88 అని ఉంటుంది, అంటే ఫ్యాక్టరీలో ఆ అంకె రాయడం మర్చిపోయారన్నమాట. ఒక్క మెషిన్ అయితే ఎవరికీ తెలియదు. ఒకే ఆఫీసులో అలాంటివి రెండు పెడితే ఒకటి నెట్‌లోకి వస్తే ఇంకొకటి బయటికి పోతుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లి అడ్రసు మార్చుకుంటే సరిపోతుంది. ఇలాంటి బోర్డుల్లోనే సిస్టమ్ సమాచారంలో బోర్డు పేరుండాల్సిన చోట "టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం." అని కనిపిస్తుంది. దానికి బయోస్ అప్‌డేట్ ఎక్కడా వెతకొద్దు, ఉండదు.

"హెచ్61లో ఎన్‌వీఎంఈ స్లాట్ ఉంది సార్" అని ఊరిస్తారు, అంటే సాటా కన్నా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చని. ఉంటుంది, నిజమే. కానీ హెచ్61 ఇచ్చేవి పీసీఐఈ 2.0 లేన్లు (డేటా వెళ్లే దారులు), ఒక్కోటి సెకనుకి 500 ఎంబీ. స్లాట్‌కి ఒక్క లేన్ మాత్రమే కలిపి ఉంటే మంచి బోర్డులోని సాటా ఎస్‌ఎస్‌డీకీ దానికీ తేడా పెద్దగా ఉండదు. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవుతుందా అన్నది బయోస్ మీద ఆధారపడిన ఇంకో ప్రశ్న. కొనే ముందు బూట్ చేసి చూపించమనాలి.

నా లెక్క ఇది. ఆఫీసు పనికి ఐ3, ఐ5 అయితే వారంటీ ఉన్న కొత్త హెచ్61 తీసుకోవచ్చు, గిగాబిట్ ల్యాన్ ఉన్నది చూసుకుని. ఐ7-3770 ఉంటే, లేదా గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ కన్నా ఎక్కువ ర్యామ్ కావాలంటే, పేరున్న కంపెనీ బీ75 గానీ హెచ్77 గానీ సెకండ్‌హ్యాండ్‌లో పరీక్షించి తీసుకోవడమే మేలు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లోనూ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డుల్లోనూ పాత బోర్డులు దొరుకుతాయి. ఓపిగ్గా నాలుగు షాపులు తిరగాలి.

మూడో దారి ఒకటుంది, షాపువాళ్లు తమంతట తాము చెప్పరు. మంచి 1155 బోర్డు దొరక్కపోతే హెచ్81 లేదా బీ85 బోర్డు, దానికో పాత ఐ5-4570 తీసుకోండి. ర్యామ్ అదే డీడీఆర్3. హీట్‌సింక్ రంధ్రాల దూరం 1156 నుంచి 1151 దాకా ఒకటే, 75 మిల్లీమీటర్లు, కాబట్టి కూలర్ అదే సరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్, డిస్కులు, క్యాబినెట్ మారవు. అదనంగా పెట్టేది ప్రాసెసర్ ఖర్చొక్కటే. ఐ5-3470 అమ్మితే అందులో కొంత వెనక్కొస్తుంది. హెచ్81లో కూడా ఒక జత సాటా 6 గిగాబిట్ పోర్టులు, రెండు యూఎస్‌బీ 3.0 ఉంటాయి. అంతకన్నా పైకి, హెచ్110కి వెళ్లారంటే చాలా బోర్డుల్లో ర్యామ్ డీడీఆర్4కి మారుతుంది, లెక్కే వేరవుతుంది.

విండోస్ 11 కోసం బోర్డు మారుద్దామనుకునేవాళ్లు ఇవేవీ కొనొద్దు. మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతవాటికి చోటు దాదాపుగా లేదు, విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ర్యామ్ మీది చిప్పులు లెక్కపెట్టండి

డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే, గాటు చోటు వేరు. డీడీఆర్4కి 288. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది, పాత బోర్డులకి ర్యామ్ మీద ఎన్ని చిప్పులున్నాయన్నది ముఖ్యం. జీ41, హెచ్55 బోర్డులు ఒక్కో చిప్పుకి 2 గిగాబిట్ల వరకే అర్థం చేసుకుంటాయి. 4 జీబీ స్టిక్కు రెండు వైపులా కలిపి పదహారు చిప్పులతో ఉంటే నడుస్తుంది. అదే 4 జీబీ ఒకవైపే ఎనిమిది చిప్పులతో ఉంటే బీప్ కొట్టి ఊరుకుంటుంది. 1155, 1150 బోర్డులకి ఒక మెట్టు ఎక్కువ, చిప్పుకి 4 గిగాబిట్లు. 8 జీబీ స్టిక్కు పదహారు చిప్పులతో ఉండాలి. 16 జీబీ డీడీఆర్3 స్టిక్కులు వీటిలో వాడలేం.

ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించే 8 జీబీ డీడీఆర్3లో "ఏఎండీ మాత్రమే" అని ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది. ఆ ముక్క నిజం. ఇంటెల్ బోర్డు దాన్ని చదవలేదు, ర్యామ్ పోయిందని తిరిగి పంపుతారు. రెండో తరం ఐ3, ఐ5తో 1600 స్పీడు ర్యామ్ పెడితే మామూలు బోర్డుల్లో 1333 దగ్గరే నడుస్తుంది. అది లోపం కాదు, ఆ ప్రాసెసర్ హద్దు అది.

కంపెనీ పీసీ అయితే

డెల్, హెచ్‌పీ, లెనోవో క్యాబినెట్లలో మార్కెట్ బోర్డు పెట్టాలనుకుంటే ముందు మూత తీసి పవర్ కనెక్టర్ చూడండి. ఆప్టిప్లెక్స్ 9020లో మెయిన్ పవర్ 24 పిన్ కాదు, 8 పిన్. కొన్ని హెచ్‌పీల్లో 6 పిన్, కొన్ని థింక్‌సెంటర్‌లలో 14. ఆ ఎస్‌ఎంపీఎస్ మామూలు బోర్డుకి అతకదు. ముందువైపు పవర్ బటన్ వైర్లు కూడా విడివిడిగా ఉండవు, ఒకే దిమ్మలా వస్తాయి. వెనక పోర్టుల చుట్టూ ఉండాల్సిన రేకు, ఐ/ఓ షీల్డు, కొన్నిటిలో క్యాబినెట్ రేకులోనే కోసి ఉంటుంది. ఇన్ని కోతలు, అతుకులు పడేకన్నా అదే మోడల్ బోర్డుని వెనకాల స్టిక్కర్ మీది పార్టు నంబరుతో వెతకడం తేలిక. లేదంటే క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ రెండూ కొత్తవి తీసుకోండి.

మామూలు బోర్డుల్లో ముందు ప్యానెల్ తొమ్మిది పిన్నుల అమరిక దాదాపు అందరిదీ ఒకటే: 1, 3 హార్డ్‌డిస్కు లైటు, 2, 4 పవర్ లైటు, 6, 8 పవర్ స్విచ్, 5, 7 రీసెట్, 10వ పిన్ ఉండదు, దాన్నిబట్టి దిక్కు తెలుస్తుంది. లైట్లకి ప్లస్, మైనస్ ఉంటాయి, స్విచ్‌లకి ఉండవు.

డిస్కు, విండోస్, టాలీ

బోర్డు మారాక విండోస్ 10 చాలాసార్లు తనంతట తాను లేచి డ్రైవర్లు సర్దుకుంటుంది. విండోస్ 7 అంత మంచిది కాదు. పాత బోర్డులో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఐడీఈలో ఉండి, కొత్తదాంట్లో ఏహెచ్‌సీఐలో ఉంటే నీలి స్క్రీన్ మీద 0ఎక్స్7బీ వస్తుంది. ఫార్మాట్ కొట్టే ముందు బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈకి మార్చి చూడండి. డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే కొత్త బోర్డులో సీఎస్ఎం లేదా లెగసీ బూట్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే "బూట్ డివైస్ లేదు" అంటుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉన్న డిస్కయితే రికవరీ కీ ముందే చేతిలో పెట్టుకోండి.

కంపెనీ పీసీతో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ బోర్డుతోనే పోతుంది. టాలీ లైసెన్సు కూడా మెషిన్‌కి ముడిపడి ఉంటుంది. బోర్డు ఇంకా కొన ఊపిరితో ఉండగానే, అంటే అప్పుడప్పుడూ ఆన్ అవుతున్నప్పుడే, టాలీలో లైసెన్సు సరెండర్ చేసేయండి. సీరియల్ నంబరు, అడ్మిన్ ఈమెయిల్ కాగితం మీద రాసుకోండి. మార్చి నెలాఖరున బోర్డు మార్చాక గుర్తొస్తే లాభం లేదు.

డిస్‌ప్లే కూడా చూసుకోవాలి. ఐ5-3470లో గ్రాఫిక్స్ ఉంది. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ3-1230 వీ2లో లేదు, పీ67 బోర్డులో అయితే ప్రాసెసర్‌లో ఉన్నా బయటికి రాదు. ఆ రెండు సందర్భాల్లో గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. కొత్త కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి నాలుగు లేన్లే వాడతాయి, పీసీఐఈ 2.0 బోర్డులో వాటి సత్తా బాగా తగ్గిపోతుంది.

కౌంటర్ దగ్గర పరీక్ష

మీ ప్రాసెసర్, మీ ర్యామ్ తీసుకెళ్లండి. ముందు సాకెట్ మీద మొబైల్ టార్చి పక్క నుంచి వేసి చూడాలి. పిన్నులన్నీ ఒకే దిక్కుకి, ఒకే మెరుపుతో వరసగా ఉండాలి. ఒకటి మెరవకపోతే, లేదా ఎక్కువ మెరిస్తే అది వంగినట్టు. ఒక మూల వంగిన పిన్నులు చాలాసార్లు ఒక ర్యామ్ స్లాట్ పనిచేయకపోవడంగా బయటపడతాయి. అందుకే రెండు స్లాట్లలోనూ ర్యామ్ పెట్టి మొత్తం 8 జీబీ బయోస్‌లో కనిపించాలి. ఒక్క స్లాట్‌తో డిస్‌ప్లే చూపించి డబ్బాలో పెట్టేస్తుంటే ఆపండి. ప్రతి సాటా పోర్టూ, ల్యాన్, ఆడియో, యూఎస్‌బీలు చూడాలి. బయోస్‌లో టైము పెట్టి, కరెంటు తీసేసి, టీ తాగొచ్చి మళ్లీ ఆన్ చేయండి. టైము నిలవాలి, చల్లారిన బోర్డు మొదటి నొక్కుకే లేవాలి. వేడిగా ఉన్నప్పుడు లేచి, చల్లబడ్డాక మొరాయించేవి పాత బోర్డుల్లో ఉంటాయి.

ఇంట్లో బిగించేటప్పుడు పాత బోర్డు స్టాండ్‌ఆఫ్‌లు కొత్త బోర్డు రంధ్రాలతో పోల్చి, రంధ్రం లేని చోట ఉన్నవి తీసేయాలి. అది బోర్డు వెనక టాంకాలకి తగిలితే షార్టే. ప్రాసెసర్ దగ్గరి 4 పిన్ 12 వోల్టుల వైరు మర్చిపోతే మళ్లీ అదే కథ, ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. పాత పేస్టు పూర్తిగా తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టండి. ఇంటెల్ పుష్‌పిన్ కూలర్ కాళ్లు ఎదురెదురు మూలలుగా నొక్కి, నాలుగూ "టక్" మన్నాక బోర్డు వెనక నుంచి తెల్ల కొక్కేలు పూర్తిగా విచ్చుకున్నాయో లేదో చూడాలి. ఒక కాలు సగమే దిగితే బయోస్‌లోనే ఉష్ణోగ్రత 80 దాటుతుంది.

కొత్త బోర్డు సాకెట్ మీద వచ్చే నల్ల ప్లాస్టిక్ మూతని పారేయకండి. వారంటీకి ఇచ్చే రోజున ఆ మూత లేకపోతే, దారిలో వంగిన పిన్ను కూడా మీ ఖాతాలోనే రాస్తారు.